దయ్యము గాదు, దేవత గాదు

లోకమున భయమునకు మూలము చూపుకంటె వినికిడియే యెక్కువ. చూచినదానికి మనుష్యుడు కొంతసేపే భయపడును. విన్నదానికి బ్రదికినంత కాలమును భయపడును. మసకవెలుతురున త్రాడును జూచి పామనుకొన్నవానికి దీపము దెచ్చిన భ్రాంతి తీరును. కాని త్రాడునైనను జూడక, పామున్నదని పదిమంది చెప్పగా వినియున్నవాని యొద్దకు దీపమెవరు దెత్తురు? తెచ్చినను దేనిపై జూపుదురు?

సముద్రమును గూర్చి మనవారికి గల భయము ఈ రెండవ జాతికి జెందినది. సముద్రయానమును బాతకముల వరుసలో జేర్చినది బౌధాయన ధర్మసూత్రము. ఓడ యెక్కి సీమకు బోయి వచ్చినవానిని వెలివేసిన దినములు మన తాతల కాలమున నుండెను. నేడా వెలి లేదు. తెలుగు బిడ్డలు సముద్రములను దాటి పోయి దేశదేశములందు గాపురములు పెట్టుచున్నారు. అయినను సముద్రముపై బోవుట వేరు, సముద్రములోనికి బోవుట వేరు. మొదటిదానికి మన యిండ్లలో నేడు హారతి పట్టుచున్నారు. రెండవదానికి, అందును ఆడపిల్ల విషయమున, నింకను గుమ్మమున కడ్డము నిలుచుచున్నారు.

అమెరికా దేశపు వాయవ్యకోణమున, వాషింగ్టన్ రాష్ట్రములోని సియాటిల్ నగరమున మేము చాల యేండ్లుగా నివసించుచున్నాము. పసిఫిక్ మహాసముద్రపు నీరు భూమిలోనికి జొచ్చుకొని వచ్చి యా నగరము ముంగిట ప్యూజెట్ సౌండ్ అను లోతైన యుప్పునీటి పాయగా నిలిచియున్నది. అందలి నీరు వేసవిలోను మంచుబావి నీటివలె నుండును. పందొమ్మిదేండ్ల మా కుమార్తె యా నీటిలో మునుగు విద్యను, అనగా స్క్యూబా విద్యను, అభ్యసించి పరీక్షలో నెగ్గినది. నెగ్గి యూరకుండక తండ్రిని గూడ శిష్యునిగా జేర్చుకొన్నది. ఆ దినములలో మా తల్లిగారు కాకినాడనుండి మమ్ము జూడ వచ్చియుండిరి. ఆమె డెబ్బదియేండ్లు సముద్రపు టొడ్డున బ్రదికియు మోకాటిలోతు నీటిని దాటి యెరుగరు. ఈ సంగతి వినగానే, “ఆడపిల్లకు నీళ్లలో మునిగే విద్య ఎందుకర్రా? ఆ సముద్రంలో ఎనిమిది చేతుల దయ్యం ఉంటుందట. కాలు పట్టుకొని లోపలికి లాగేస్తుందట!” యని గుండెలు బాదుకొనిరి.

ఇందుకు మా తల్లిగారిని మాత్రమే యనుట న్యాయము గాదు. ఆ యెనిమిది చేతుల ప్రాణిని, అనగా ఆక్టోపస్‌ను, ఇక్కడ మేము అష్టపాది యని వ్రాయుదుము. చదువుకొన్న పడమటి దేశములవారే దానికి దయ్యపు చేప యను పేరు పెట్టిరి. ఫ్రెంచి నవలాకారుడగు విక్టర్ హ్యూగో 1866లో బ్రకటించిన నవలలో నది మనుష్యుని రక్తము పీల్చు పిశాచముగా జిత్రింపబడినది. 1963లో సియాటిల్‌కు దాపుననున్న టకోమా నగరమున అష్టపాదులతో మల్లయుద్ధ మను పేర నొక పోటీయే జరిగినది. నూరుమందికి పైగా ఈతగాండ్రు నీట మునిగి, రాళ్ల సందులలో దాగియున్న ప్రాణులను బట్టి యొడ్డున కీడ్చి తూకము వేయుచుండగా, వేలకొలది జనము నిలిచి చూచిరి. తనంత దాను మీదికి రాని ప్రాణిని ఇంటినుండి బయటికీడ్చి, దానిని గెలిచితిమని చప్పట్లు కొట్టించుకొనుటను శౌర్య మనవచ్చునా? దయ్యమని పేరు పెట్టుటలోని సౌకర్య మిదియే. పేరు పెట్టిన పిమ్మట నేమి చేసినను తప్పుగా దోపదు.

మా తల్లిగారికి సమాధానము చెప్పుట మాకు సాధ్యము గాలేదు. “చూచి వచ్చి చెప్పెదను, మామ్మా” యని మా కుమార్తె మాత్రము పలికినది.

నీట మునిగి శ్వాసించుటలో మంత్రము లేదు. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో యను నౌకాదళోద్యోగియు, ఎమిల్ గాన్యాన్ అను ఇంజనీరును గలసి, వీపున గట్టుకొన్న సిలిండరులోని గాలిని నీటి యొత్తిడికి సరిపడునట్లు నోటి కందించు సాధనమును గల్పించిరి. నేటి సాధనములును ఆ సూత్రము ననుసరించియే పనిచేయుచున్నవి. ఈ విద్యలో మొదటి నియమము ఊపిరి బిగబట్టరాదనుట. ఊపిరి బిగబట్టి పైకి దేలినచో లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులకు బ్రమాదము దెచ్చును. భయపడినవాడు మొట్టమొదట జేయు పని ఊపిరి బిగబట్టుటయే గదా! కాబట్టి యీ విద్యలో సగము భాగము ఈత గాదు, నెమ్మది.

ఆనాటి యుదయము పడమటి సియాటిల్ నందలి సీక్రెస్ట్ ఉద్యానపు తీరమున మేమిరువురమును నీటిలో దిగితిమి. మా కుమార్తె ముందును, మేము వెనుకను. అరువది యడుగుల లోతున ఒత్తిడి యొడ్డున నున్నదానికి దాదాపు మూడింతలు. సూర్యకాంతిలోని యెరుపంతయు నీరు పైననే మ్రింగివేయుటచే నచ్చట సర్వమును ఆకుపచ్చని బూడిదవన్నెగా నుండెను. మునిగిన దూలములపై సముద్రపు పూలవంటి తెల్లని జీవులు గుంపులుగా నంటియుండెను. అష్టపాది సాధారణముగా బగటివేళ దూలముల క్రిందను, రాళ్ల సందులను దాగియుండి, చీకటి పడిన పిమ్మట వేటకు వెడలును. తిని పారవేసిన పీతడొప్పలు గుమ్మమున గుట్టపడియుండుటయే దాని యింటికి గురుతు. అట్టి గుమ్మమున నొక చేతికొస కానవచ్చినను జాలునని మేము పోయితిమి.

దూలములను దాటి, ఇసుకనేల మొదలైన చోట, ఏ చాటును లేని బయలున నొక బండ కానవచ్చెను. ఆ బండ కదలెను.

అష్టపాదులలో నెల్ల పెద్దదగు పసిఫిక్ జాతి యది. మా కన్నులకు జేతుల చివరనుండి చివరకు బండ్రెండడుగు లుండునని తోచెను. నీటిలో వస్తువులు మూడవవంతు పెద్దవిగా గానవచ్చునని మా కుమార్తె ముందే నేర్పియుండుటచే, ఆ లెక్క తీసివేయగా దొమ్మిదడుగులు మిగిలెను. భయమునకు గూడ నిట్టి తీసివేత లెక్క యుండిన నెంత మేలుగా నుండును! మా గుండె వేగముగా గొట్టుకొనెను. బుడగలు గుంపులుగా బైకి బోవుచుండెను. మా కుమార్తె వెనుదిరిగి, అరచేయి క్రిందికి జూపి, నెమ్మదిగా నుండుమని సంజ్ఞ చేసెను. పిమ్మట టార్చిలైటు వెలిగించి, కాంతి కన్నులలో బడకుండ ప్రక్కగా బట్టెను. అంతవరకు బూడిదవన్నెగా నున్న ప్రాణి యిటుకవన్నెకు దిరిగెను. ఆ యెరుపు దానియందే యుండినది. మన వెలుతురే చాలకపోయినది.

అది పారిపోలేదు, మీదికి దూకలేదు. ఒక చేతిని మెల్లగా జాపి మా కుమార్తె చేతితొడుగుపై నుంచెను. గిన్నెలవంటి యంటుపట్లు ఒకటి తరువాత నొకటిగా దొడుగును దాకి చూచెను. అంటుపట్లతోడనే యా ప్రాణి స్పర్శను రుచిని గూడ నెరుగును. దాని జ్ఞానమంతయు దలయందే యుండదు. సాధారణ జాతి అష్టపాదికి సుమారు 50 కోట్ల నాడీకణములుండగా, అందు మూడింట రెండు వంతులు చేతులయందే యుండునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. కాబట్టి యా స్పర్శను బట్టుకొనుట యనరాదు, పలుకరించుట యనవలెను. మా కుమార్తె చేయి వెనుకకు దీయలేదు, ముందుకును జాపలేదు. అడ్డగీతవంటి కనుపాప గల కన్నొకటి మావైపు దిరిగి యుండెను. కొంతసేపటికి నది చేతిని దీసికొని, ఇసుకపై మెల్లగా నడచుచు ఆకుపచ్చని చీకటిలో గలిసిపోయెను.

ఆ తీరమునకే యొక చరిత్ర కలదు. 2012 అక్టోబరు మాసాంతమున నొక యువకుడు అచ్చటనే యొక పెద్ద అష్టపాదిని బట్టి చంపి యొడ్డునకు దెచ్చెను. అతనికి వేటచీటి యుండెను. దినమున కొకదానిని బట్టుకొనుటకు నాటి చట్టము సమ్మతించుచుండెను. కాని చూచిన ఈతగాండ్రు సహింపలేదు, సభలలో వాదించిరి. తుదకు 2013లో రాష్ట్ర మత్స్యవన్యప్రాణి సంఘమువారు ఆ తీరముతో గూడ నేడు మునక స్థలములలో అష్టపాదుల వేటను నిషేధించిరి. ఏ ప్రాంతపు జనము యేబదియేండ్లకు బూర్వము మల్లయుద్ధము జూచి చప్పట్లు కొట్టెనో, ఆ ప్రాంతపు జనమే యీ చట్టమును గోరెను. నడుమ జరిగిన దేమి? నీట మునిగి చూచినవారి సంఖ్య పెరిగినది. సియాటిల్ జలచరశాలలో నెనిమిది అష్టపాదులకు ఒకేవిధమగు దుస్తులు ధరించిన యిద్దరిని జూపి, ఒకరిచే మేత పెట్టించి, మరియొకరిచే గరుకు పుల్లతో బొడిపింపగా, రెండు వారములలో నవి యా యిద్దరిని వేరువేరుగా గుర్తించెనని 2010లో బ్రకటింపబడినది. మనము వానిని దయ్యములని యొక్కటిగా జూచుచుండగా, అవి మనలో మంచివారిని జెడ్డవారిని వేరుపరుచుచున్నవి!

ఇంటికి వచ్చి మా కుమార్తె ఛాయాచిత్రములను మామ్మగారికి జూపించినది. మా తల్లిగారు మొదట గన్నులు మూసికొనిరి. పిమ్మట నొక కన్ను దెరచిరి. తరువాత కళ్లజోడు దెమ్మనిరి. “దీనికీ పిల్లలుంటారా?” యని యడిగిరి. ఆడ అష్టపాది పదుల వేలకొలది గ్రుడ్లను దారములవలె గ్రుచ్చి గుహ కప్పునుండి వ్రేలాడదీయుననియు, వానిపై నీరు చిమ్ముచు, నాచు పట్టకుండ దుడుచుచు, మాసములకొలది యన్నాహారములు మాని కాపలా కాయుననియు, పిల్లలు వెలువడిన సమయముననే ప్రాణము విడుచుననియు మా కుమార్తె చెప్పినది. మా తల్లిగారు పమిటచెంగుతో గన్నులు తుడుచుకొని, “తల్లంటే అదే తల్లి! ఈ కాలపు ఆడపిల్లలు దాన్ని చూసి నేర్చుకోవాలి” యనిరి. గడియ క్రితము దయ్యమై యున్నది దేవత యయ్యెను.

మా కుమార్తె నవ్వి, “మామ్మా, మాకు కనిపించింది తల్లి కాదు, తండ్రి” యన్నది. చిత్రమున గుడివైపు మూడవ చేతికొస అంటుపట్లు లేక నున్నగా నుండెను, మగదాని గురుతదియే. దేహముపై మానని తెల్లని పుండ్లుండెను. సంతానోత్పత్తి ముగిసిన పిమ్మట మగ అష్టపాదియు దిండి మాని, చాటు విడిచి, పట్టపగలు బయలున దిరుగుచు గొలది వారములలో నశించును. మేము బయలున జూచిన దట్టి ముసలి ప్రాణిని. “ఇతడు ఏ గ్రుడ్లకూ కాపలా కాయలేదు, మామ్మా. అయినా తిండి మాని చచ్చిపోతున్నాడు. ఇతడికీ పూజ చేస్తావా?” యని మా కుమార్తె యడిగినది. మా తల్లిగారు చాలసేపు చిత్రమును జూచి, “పాపం, తిండి మానమని వాడికెవరు చెప్పారే?” యనిరి.

ఎవరును జెప్పలేదు. 1977లో జెరోమ్ వొడిన్‌స్కీ యను శాస్త్రజ్ఞుడు కరేబియన్ సముద్రపు చిన్నజాతి అష్టపాదులలో, గ్రుడ్లు పెట్టిన యాడవానికి, కన్నుల నడుమనుండు రెండు గ్రంథులను దొలగించెను. అవి గ్రుడ్ల కాపలా మాని, మరల నాహారము దిని, పెరిగి, మరికొంతకాలము బ్రదికెను. కాబట్టి యా తల్లి యుపవాసము వ్రతము గాదు. ఆ తండ్రి మరణము వైరాగ్యము గాదు. దేహములో నొక రసము స్రవించును; ఆకలి యణగును. ఆ తల్లి సేవ మిక్కిలి యద్భుతమే, ఆ సేవవలననే బిడ్డలు బ్రదుకును, సందేహము లేదు. కాని దానికి వేరు దారి లేదు. వేరు దారి లేని ప్రాణి చేసిన పనిని, దారులు గల మనుష్యస్త్రీకి ధర్మముగా విధించుట యే న్యాయము?

చదువరులారా, ఈ రెండు పేర్లును మన యిండ్లలో నెరుగనివా? కోడలు ఎదురు మాటాడెనా, దయ్యము. జ్వరముతో నున్నను వంట చేసి, అందరికిని వడ్డించి, మిగిలినది తిని, మిగులకున్న మంచినీళ్లు త్రాగి పండుకొనెనా, దేవత. పైకి నీ రెండును నింద, స్తుతివలె గానవచ్చును. పని మాత్ర మొక్కటియే. దయ్యమును నీకాకలియా యని యెవరును అడుగరు. దేవతను గూడ నడుగరు. రెండు పేర్లును ఆ ప్రశ్ననుండి మనలను దప్పించుటకే పుట్టినవి.

నీట మునుగుటకు సాధనములు కావలెను, శిక్షణ కావలెను, ధనము కావలెను. అందరికిని నది సాధ్యము గాదు, అవసరమును గాదు. కాని పేరు పెట్టుటకు ముందు వెలుతురు ప్రక్కగా బట్టి చూచుటకును, చేయి కదల్పక యెదుటివారి పలుకరింపునకు వేచియుండుటకును సముద్రముతో బనిలేదు. మీ యింట నందరి తరువాత భోజనమునకు గూర్చుండు నామె యెవరో యామెను ఈ రాత్రియే మొదట గూర్చుండబెట్టి, ఏమి దినవలెనని యున్నదో యడుగుడు. ఆమె మొదట “ఏమీ లేదు” అనవచ్చును. అంతటితో విడువక, మరియొకమాఱు నెమ్మదిగా నడుగుడు.