తీతువు కేక

మాది మిర్యాలగూడ. ఊరిచుట్టును వరిచేలు; ఊరిలో బియ్యపు మిల్లులు. నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు వదలిన తరువాత మా ప్రాంతపు బీళ్లు అనేకములు మాగాణులైనవి. ఆ నీటివలననే మన యింట నాలుగు వ్రేళ్లు నోటిలోనికి పోవుచున్నవని మా తాతగారు చెప్పుచుండెడివారు. కావున పంటగాని చెట్టుగాని లేని నేల వట్టి వ్యర్థమను భావము నాకు చిన్ననాడే నాటుకొనెను. పెరిగి ఉపాధ్యాయుడనైన పిదపను అది నన్ను విడువలేదు.

ఒక యేడు మా విద్యార్థులచే ఊరివెలుపలి బీడులో మొక్కలు నాటింపవలెనని నిశ్చయించితిని. గుంతలు త్రవ్వవలసిన తావులలో కొయ్యమేకులు కూడ పాతించితిని. అంతలో మృగశిర కార్తె వచ్చినది, తొలకరి కురిసినది. ఆ ఆదివారము కోదాడలోని మిత్రునితో కలిసి ఉండ్రుగొండ చూడబోయితిని.

ఉండ్రుగొండ సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలమున, హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారికి చేరువలో నున్నది. కొండలపై పాతకోట గోడలు, లక్ష్మీనరసింహస్వామి ఆలయము. చుట్టును చిన్న అడవి. సీతాఫలపు పొదలు, రేగు, బలుసు, తునికి చెట్లు ఆ వానకు కొత్తచిగురు తొడిగినవి. ఆ నీడలో నడచి మేము కొండ దిగితిమి. అడవి ముగిసిన చోట బీడు మొదలైనది. పొట్టిగడ్డి, గులకరాళ్లు, అక్కడక్కడ తంగేడు. అంతకుమించి నా కంటికేమియు ఆనలేదు.

"ఎంత నేల ఊరక పడియున్నది! మొక్కలు నాటినచో ఇదియు అడవి యగును గదా!" అని మిత్రునితో అంటిని.

ఆ మాట ముగియకముందే ఒక తీతువు బిగ్గరగా అరచుచు మా తలలమీద తిరుగసాగెను. "అపశకునము!" అని మిత్రుడు నవ్వెను. నేను ముందునకు అడుగు వేయబోవునంతలో, గొఱ్ఱెలను మేపుచున్న ఒక వృద్ధుడు చేయెత్తి, "అయ్యా, ఆగండి! కాలి దగ్గర చూడండి" అని కేకవేసెను.

చూచితిని. రాళ్లే కనబడినవి. ఆయన వచ్చి కఱ్ఱతో చూపినపుడుగాని నాలుగు గ్రుడ్లు కంటబడలేదు. గూడు లేదు, పుల్ల లేదు. నేలమీది చిన్న పల్లములో, మట్టిరంగుపై నల్లని మచ్చలతో, గులకరాళ్లలో కలిసిపోయి యున్నవి. మరియొక జానెడు ముందునకు పోయినచో నా చెప్పు వానిపై పడియుండెడిది.

"ఈ పిట్ట చెట్టెక్కదు అయ్యా. నాలుగు దిక్కులూ కనబడే చోటనే గ్రుడ్లు పెడుతుంది. దాని కూత మనకు అపశకునమంటారు. దానికి మనమే అపశకునం" అని చెప్పి, ఆయన గొఱ్ఱెలను ప్రక్కకు మళ్లించెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మేము పాతిన కొయ్యమేకులే కన్నులయెదుట తిరిగినవి. వాని నడుమ ఎన్ని గ్రుడ్లున్నవో నేను చూచితినా?

ఆ వారమంతయు పుస్తకములు తిరగవేసితిని. 2000లో వెలువడిన మన దేశపు బంజరుభూముల అట్లాసులో, పొదలు గల నేలలును బంజరులుగనే లెక్కింపబడినవి. ఇంగ్లండు దక్షిణభాగమున మాత్రము మరియొక తీరు కనబడినది. అచ్చటి సుద్దరాతి కొండలమీద బీచ్ చెట్ల వనములును, గడ్డినేలలును ప్రక్కప్రక్కనే కలవు. ఆ గడ్డినేలలను గొఱ్ఱెలచే మితముగా మేపించి కాపాడుదురు. మేపు మానినచో పొదలు క్రమ్మి, గడ్డిపూలును, వానిని ఆశ్రయించిన సీతాకోకచిలుకలును నశించును. ఉండ్రుగొండ కాపరికి ఈ సంగతి పుస్తకము లేకయే తెలిసియుండెను.

విద్యార్థులతో జరిగినదంతయు దాచక చెప్పితిని. "మరి మొక్కలో?" అని ఒక బాలిక అడిగెను. వానిని బడి ఆవరణమునను, ఊరి బాటప్రక్కలను నాటితిమి. బీడులోని కొయ్యమేకులను పిల్లలే, క్రింద చూచుకొనుచు మెల్లగా నడచి, పీకివేసిరి.

ఇప్పుడును కొన్ని రాత్రులు మా యింటిమీదుగా తీతువు కూయుచు పోవును. ఇంటివారు "శివశివా" యని చెవులు మూసికొందురు. నేను మాత్రము నా కాలికి జానెడు దూరముననున్న ఆ నాలుగు గ్రుడ్లను తలచుకొందును.