హెల్మెట్ మీద ఆకు ఎవరికి? కొలంబస్‌లో తొలి మ్యాచ్‌కి నా ప్రోగ్రెస్ రిపోర్టు

ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో సీటు వచ్చిందని చెప్పగానే ఇక్కడి మన సీనియర్లు ఇచ్చే మొదటి సలహా చలి గురించి కాదు. "శనివారం ఇక్కడ మ్యాచ్ ఉంటే కారు బయటికి తియ్యకు" అంటారు. ఆ మాటకి అర్థం ఏంటో ఆగస్టు 30న ఇంకోసారి తెలిసింది. కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌లో మా మొదటి ఆట. ఎదురుగా దేశంలో నంబర్ వన్ ర్యాంకులో ఉన్న టెక్సస్. మనవాళ్లు, అంటే పోయిన సీజన్ ఛాంపియన్ ఒహాయో స్టేట్, మూడో ర్యాంకు. ('మనవాళ్లు' అనేశాను చూశారా? ఏడాది ఉంటే చాలు, ఈ ఊరు అలా మార్చేస్తుంది.)

స్టేడియం ఒలెంటాంగీ నది ఒడ్డున ఉంటుంది. 1922లో కట్టారు. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది కాబట్టి అందరూ ముద్దుగా 'షూ' అంటారు. లక్షా రెండు వేల మందికి పైగా పడతారు. మన విశాఖ క్రికెట్ స్టేడియంలాంటివి మూడు నింపినా ఇక్కడ ఇంకా సీట్లు మిగులుతాయి. ఇదంతా ఒక కాలేజీ టీమ్ కోసం! ఆ రోజు లక్షా ఏడు వేల మందికి పైగా వచ్చారు.

పొద్దున్న లేన్ అవెన్యూ మీద నడుస్తుంటే బుధవారం జరిగిన వినాయక చవితే గుర్తొచ్చింది. రోడ్డు నిండా ఎర్ర టీషర్టులు. పార్కింగ్ లాట్లలో కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు పెట్టి, మాంసం కాలుస్తున్నారు. దీన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు "ఓ-హెచ్!" అని అరుస్తారు. మనం "ఐ-ఓ!" అని తిరిగి అరవాలి. అరవకపోతే మాత్రం వింతగా చూస్తారు.

ఆ పొద్దున్న టీవీ వాళ్ల 'కాలేజ్ గేమ్‌డే' షో కూడా ఇక్కడి నుంచే. అందులో 1987 నుంచి ఉన్న లీ కోర్సో అనే పెద్దాయనకి అదే ఆఖరి రోజు. వయసు 90 ఏళ్లు. ఎవరు గెలుస్తారో చెప్పడానికి ఆ టీమ్ బొమ్మ తలకాయ నెత్తిన పెట్టుకోవడం ఆయన అలవాటు. అది 1996లో ఈ ఊళ్లోనే, ఒహాయో స్టేట్ బొమ్మ బ్రూటస్ తలతోనే మొదలైంది. చివరి రోజు కూడా బ్రూటస్ తలే పెట్టుకున్నాడు.

నాకు బాగా నచ్చిన సంగతి హెల్మెట్లది. మా టీమ్ హెల్మెట్లు వెండి రంగులో ఉంటాయి. సీజన్ సాగుతున్నకొద్దీ వాటి మీద చిన్న చిన్న బకై చెట్టు ఆకుల స్టిక్కర్లు చేరతాయి. బాగా ఆడినందుకు కోచ్‌లు ఇచ్చే మార్కులు అన్నమాట. 1968లో వుడీ హేస్ కోచ్‌గా ఉన్నప్పుడు మొదలైన పద్ధతి. 2001లో కోచ్‌గా వచ్చిన జిమ్ ట్రెసెల్ దీన్ని కొంచెం మార్చాడు. ఒక్కడి మెరుపు కంటే టీమ్ కలిసి ఆడిన తీరుకి ఎక్కువ విలువ ఇచ్చాడు. తొలి మ్యాచ్ రోజు మాత్రం అందరి హెల్మెట్లూ ఖాళీ. స్టార్ అయినా, కొత్త కుర్రాడైనా ఒకటే.

మా ల్యాబ్‌లో ఒక అమెరికన్ సీనియర్ ఉన్నాడు. చిన్నప్పటి నుంచి ఈ ఊళ్లోనే పెరిగాడు. దక్షిణం వైపు స్టాండ్స్‌లో, బాగా పైన, అతని పక్కనే కూర్చున్నాను. ఆట మొదలవగానే అతను ఒక్క మాటే చెప్పాడు: "బంతిని చూడకు. ముందు వరసలో ఉన్నవాళ్లని చూడు."

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. బంతి చేతిలో ఉన్న టీమ్‌కి 4 ఛాన్సులు. వాటిలో 10 గజాలు ముందుకి వెళ్తే మళ్లీ 4 ఛాన్సులు వస్తాయి. చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. తర్వాత ఒక కిక్కుకి ఇంకో పాయింటు. మూడు ఛాన్సులూ అయిపోతే చాలా టీమ్‌లు నాలుగోదాంట్లో బంతిని దూరంగా తన్నేస్తాయి. తెగించి ఆడి, ఆ గజాలు రాకపోతే, బంతి అక్కడికక్కడే అవతలివాళ్లకి పోతుంది.

మ్యాచ్ మనవాళ్లు 14-7తో గెలిచారు. ఇక్కడి స్పోర్ట్స్ పేజీల్లో మర్నాడు ప్రోగ్రెస్ రిపోర్టు వేసే అలవాటుంది. ఆటగాడికి కాదు, గ్రూపుకి గ్రేడు. ఇదిగో నాది.

క్వార్టర్‌బ్యాక్: బి ప్లస్

బంతి విసిరే కుర్రాడు. జూలియన్ సేయిన్‌కి కాలేజీలో ఇదే మొదటి స్టార్ట్. 20 సార్లు విసిరితే 13 అందాయి. 126 గజాలు, ఒక టచ్‌డౌన్. నంబర్లు చూస్తే గొప్పగా ఏం లేదు. కానీ ఒక్క బంతి కూడా అవతలివాళ్ల చేతిలో పెట్టలేదు. తొలి మ్యాచ్‌లోనే, నంబర్ వన్ టీమ్ మీద, లక్ష మంది ముందు, తొందరపడకుండా ఆడటమే అతనికిచ్చిన పని. చేశాడు.

రన్నింగ్ బ్యాక్స్: సి ప్లస్

మ్యాచ్ మొత్తం మీద పరుగెత్తి సంపాదించింది 77 గజాలే. తొలి టచ్‌డౌన్ మాత్రం వీళ్లదే. సీజే డొనాల్డ్‌సన్ ఒక్క గజం దూరం నుంచి గీత దాటాడు. పాస్ మార్కులు వేసి వదిలేస్తున్నాను.

రిసీవర్లు: బి ప్లస్

దేశంలోనే పెద్ద పేరున్న జెరెమయా స్మిత్‌ని టెక్సస్ బాగానే కట్టేసింది. అతనికి 6 క్యాచ్‌లొచ్చినా కలిపి 43 గజాలే. అందరి కళ్లూ అతని మీదే ఉంటే, నాలుగో క్వార్టర్‌లో అవతల కార్నెల్ టేట్ 40 గజాల టచ్‌డౌన్ పట్టేశాడు. ఒకణ్ని ఆపితే ఇంకొకడు దొరికాడు. గ్రూపు మార్కులంటే ఇవే.

ఆఫెన్సివ్ లైన్: బి మైనస్

మా సీనియర్ చూడమన్నది వీళ్లనే. ఐదుగురూ భారీ మనుషులు. బంతి పట్టుకుని పరుగెత్తరు, వీళ్ల పేరు ఎవరూ అరవరు. పరుగెత్తేవాడికి దారి తెరవడంలో తడబడ్డారు. టీమ్ మొత్తానికి 203 గజాలే వచ్చాయంటే అందులో వీళ్ల వాటా ఉంది. కానీ కొత్త క్వార్టర్‌బ్యాక్ నిలబడి ఆలోచించుకునే టైమ్ ఇచ్చారు. ఆ 40 గజాల బంతి గాల్లోకి లేవడానికి ముందు వీళ్ల ఐదుగురి కష్టం ఉంది. రీప్లేలో మాత్రం కనిపించదు.

డిఫెన్సివ్ లైన్: ఏ

అసలు కథ ఇక్కడుంది. పోయిన సీజన్‌లో కప్పు గెలిపించిన డిఫెన్సివ్ లైన్‌లో నలుగురు స్టార్టర్లూ ఏప్రిల్‌లో ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోయారు. నాలుగు చోట్లా కొత్తవాళ్లే. అటు టెక్సస్ ముందు వరసలోనూ ఐదుగురిలో నలుగురు కొత్తవాళ్లు. అంటే కొత్త నలుగురికీ కొత్త నలుగురికీ మధ్య పరీక్ష.

మూడో క్వార్టర్. టెక్సస్ గీతకి ఒక్క గజం దూరంలో ఉంది. నాలుగో ఛాన్సు. క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ బంతి పట్టుకుని తనే మనుషుల మధ్యలోంచి తోసుకుపోయాడు. కబడ్డీలో ఒక్క అంగుళం దూరంలో గీత ఉండగా నలుగురు కాళ్లు పట్టుకుంటే ఎలా ఉంటుంది? అలా ఆగిపోయాడు. స్టేడియం అదిరిపోయింది. నేను కూర్చున్న సిమెంటు మెట్టు నిజంగానే వణికింది.

రాత్రి ఫోన్ తెరిస్తే అన్నీ మ్యానింగ్ మీద మీమ్స్! తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ ఎన్ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లే. 21 ఏళ్ల ఈ కుర్రాణ్ని ఆట మొదలవకముందే హీరోని చేసేశారు, సాయంత్రానికి జీరోని చేశారు. నేను మాత్రం ముందు వరసనే చూస్తున్నాను కదా, అక్కడ నాకు కనిపించింది వేరు. ఒక్క గజం రావాలంటే ముందు అతని లైన్ కదలాలి. కదలలేదు, ఎందుకంటే మన లైన్ కదలనివ్వలేదు. ఓడింది ఒక్కడు కాదు, గెలిచిందీ ఒక్కడు కాదు.

లైన్‌బ్యాకర్లు: ఏ

ఆర్వెల్ రీస్, సోనీ స్టైల్స్. ముందు వరస వెనకాల గోడలా ఉన్నారు. టెక్సస్ మొత్తం 5 సార్లు నాలుగో ఛాన్సులో తెగించింది. ఒక్కసారే ఫలించింది. 336 గజాలు నడిచిన టీమ్‌కి 7 పాయింట్లే వచ్చాయంటే కారణం అదే. మైదానం మధ్యలో నడవనిచ్చారు, గుమ్మం దగ్గర ఆపేశారు.

సెకండరీ: ఏ మైనస్

వెనక వరస. జర్మెయిన్ మ్యాథ్యూస్ జూనియర్ ఒక బంతిని గాల్లోంచి లాక్కున్నాడు. కేలెబ్ డౌన్స్ ఎక్కడ అవసరమో అక్కడే కనిపించాడు. ఆఖర్లో మూడున్నర నిమిషాలుండగా 32 గజాల టచ్‌డౌన్ ఇచ్చేశారు, దానికే మైనస్. ఆ మూడున్నర నిమిషాలు నా గుండె కొట్టుకున్న తీరు నాకే తెలుసు.

స్పెషల్ టీమ్స్: బి

రెండు టచ్‌డౌన్ల తర్వాత రెండు కిక్కులూ లోపలికే వెళ్లాయి. పెద్ద తప్పులు లేవు. వీళ్ల గురించి మాట్లాడాల్సిన అవసరం రాలేదంటే పని బాగా చేసినట్టే.

కోచింగ్: ఏ మైనస్

డిఫెన్స్ కొత్త కోచ్ మ్యాట్ ప్యాట్రీషియాకి ఇక్కడ ఇదే మొదటి మ్యాచ్. టెక్సస్‌కి తన ప్లాన్ ముందుగా అంతుపట్టనివ్వలేదు. ఆఫెన్స్ మాత్రం చాలా జాగ్రత్తగా ఆడింది. గెలిచారు కాబట్టి జాగ్రత్త అంటున్నాం. ఓడుంటే పిరికితనం అనేవాళ్లం.

రిపోర్టు అయిపోయింది. గుంటూరులో ఇంటర్ చదివే మా బాబాయి కొడుక్కి వాట్సాప్‌లో పంపిస్తే వెంటనే ఫోన్ చేశాడు.

"అన్నా, ఇన్ని గ్రేడ్లు ఎందుకు? హీరో ఎవరో చెప్పు చాలు."

"హీరో లేడు రా. తొమ్మిది గ్రూపులున్నాయి."

"మరి ఎంసెట్‌లో గ్రూపుకి ర్యాంకు ఇవ్వరు కదా అన్నా!"

నా దగ్గర సమాధానం లేదు. మనం పెరిగింది ఒక్క పరీక్ష, ఒక్క పేరు, ఒక్క ర్యాంకు అనే లెక్కలో. మార్కులు వస్తే ఫ్లెక్సీ మీద ఫొటో, రాకపోతే ఇంట్లో మౌనం. ఆ రాత్రి మ్యానింగ్ మీద వచ్చిన మీమ్స్ చూస్తే నాకు ఆ మౌనమే గుర్తొచ్చింది.

పైగా ఇప్పుడు ఈ గ్రేడ్ల వెనక డబ్బు కూడా ఉంది. 2025 జూలై 1 నుంచి కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. నచ్చకపోతే ఆటగాడు ఇంకో కాలేజీకి మారిపోవచ్చు. ఇవాళ మనం సరదాగా వేసే 'సి' రేపు ఎవరో ఇరవై ఏళ్ల కుర్రాడి చోటు మీద పడొచ్చు. అందుకే గ్రూపుకి గ్రేడు వెయ్యడం నాకు నచ్చింది. అందులో పేరున్నవాడు పేరు చాటున దాక్కోలేడు. పేరు లేనివాడికీ మార్కులొస్తాయి. తప్పంతా ఒక్కడి నెత్తిన పడదు.

మంగళవారం కొత్త ర్యాంకులు వచ్చాయి. మనవాళ్లు నంబర్ వన్, టెక్సస్ ఏడు. ఒక్క మ్యాచ్‌తో ఇంత మార్పు! అప్పటికి ఇంకా 11 మ్యాచ్‌లున్నాయి, నా గ్రేడ్లూ మారతాయనుకున్నాను. తర్వాతి శనివారం గ్రాంబ్లింగ్ స్టేట్ ఇక్కడికే వచ్చింది.

మీరెవరైనా ఎప్పుడైనా కొలంబస్ వస్తే స్టేడియం నైరుతి మూలన ఉన్న బకై తోటకి వెళ్లండి. ఆల్-అమెరికన్ అయిన ప్రతి ఒహాయో స్టేట్ ఆటగాడి పేరు మీదా అక్కడ ఒక చెట్టు ఉంటుంది. 1934 నుంచి నాటుతున్నారు. పేరున్నవాళ్లకి చెట్టు, బాగుంది. అది చూశాక టికెట్ దొరికితే లోపలికి వెళ్లి పైమెట్టు మీద కూర్చోండి. బంతిని కాసేపు మర్చిపోయి, చెట్టు రాని ఆ ఐదుగురిని చూడండి. ఆట అక్కడే మొదలవుతుంది.