చెరువుగట్టు సభ

మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూడు ఊళ్లకును సముద్రము దూరము. సముద్రమట్టమునకు రమారమి 700 మీటర్ల ఎత్తుననున్న మెరక సీమ ఇది. ఇచ్చటి బాలబాలికలలో పలువురు కడలిని చిత్రపటములయందే చూచియుందురు. అయినను కడలిలోని చేపలను ఎవరు పట్టవలెను, ఎప్పుడు పట్టవలెను, ఎంత పట్టవలెను అను ప్రశ్న వీరికి కొత్తది కాదు. అదే ప్రశ్న చిన్న రూపమున వీరి ఊరి చెరువులోనే కలదు.

ఈ సీమలో ఏడాది పొడుగున పారు జీవనది లేదు. మదనపల్లె చెంతనున్న బాహుదయు, కుప్పము ప్రాంతపు పాలారును వానలు కురిసిననాడే పారును. అందుచేత పూర్వులు వాననీటిని నిలుపుటకై ఊరూర చెరువులు త్రవ్వించిరి. ఒక చెరువు నిండి మరవ పారినచో, ఆ నీరు దిగువనున్న మరియొక చెరువును చేరును. చెరువు కట్టించినవారికిని, దానిని బాగుచేయుచు కాపాడువారికిని దశబంధమను పేర మాన్యము లిచ్చెడివారు. ఏ మడికి ఏనాడు నీరు పెట్టవలెనో నీరుగంటి చూచెడివాడు. కాని ఆ కాలమున చెరువును గూర్చి మాట చెల్లినది కొద్దిమందికే. కడవతో నీరు మోసెడి స్త్రీని గాని, భూమి లేక చేపలు పట్టుకొని బ్రతుకు పేదను గాని అడిగినవారు అరుదు.

ఒక ఏడు వానలు తప్పి, చెరువున సగము నీరే నిలిచినదనుకొందము. ఊరివారు గట్టుమీది చెట్టునీడన కూడిరి. "వరి పొట్టమీద నున్నది. ఇప్పుడు తూము తీయనిచో పంట చేతికి రాదు" అనును రైతు. "అప్పు తెచ్చి బొచ్చె, రాగండి పిల్లలను వదలితిని. నీరు తగ్గినచో అవి చచ్చును" అనును చేపల పాట పాడినవాడు. పొట్టి పుంగనూరు ఆవును పట్టుకొని నిలిచిన కాపరి, "నోరులేని దీనికి వేసవిలో త్రాగుటకు నీ రెక్కడిది?" అని అడుగును. అందరికన్న వెనుక నిలిచిన ఇల్లాలు, "చెరువెండినచో మా బావి ఊట ఆగిపోవును" అని మెల్లగా పలుకును. నలుగురి మాటయు నిజమే. చిక్కంతయు నందే యున్నది.

ఎవరి బలము వారు చూపినచో ఏమగును? రాత్రికి రాత్రి ఎవరో తూము లేపుదురు. చేపలు సంతకు పోవును, నీరు వాగుపాలగును, వేసవి ముదరకమునుపే బావులెండును. అట్లుగాక నలుగురును కూర్చుండి, పంటకు ఇన్ని తడులనియు, తూము రాతిపై గీచిన గీతకు దిగువ నీటిని తీయరాదనియు, ఆలోపుననే పెద్ద చేపలను పట్టుకొనవలెననియు కట్టడి చేసికొన్నచో, ఎవరికిని కోరినంత దక్కదు. కాని ఎవరి ఇంటను పొయ్యి ఆరదు. అది తాము చేసికొన్న కట్టడి గనుక దానిని తామే కాచుకొందురు.

చెరువునకు గట్టు కలదు, కడలికి లేదు. అచ్చట చిక్కు మరింత పెద్దది. అయినను కడలిబిడ్డలు కట్టడి ఎరుగనివారు కారు. ఆంధ్ర తమిళ రాష్ట్రముల సరిహద్దున నున్న పులికాటు సరస్సులో జాలరులు చేపలు దొరకు తావులను చీట్లు వేసి వంతులవారీగా పంచుకొను పద్ధతి కలదు. దీనిని 'పాడు' అందురు. ఇక తూర్పు సముద్రమున చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ప్రభుత్వము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేటను నిలుపుచున్నది. 2015 నుండి ఈ నిషేధము 61 దినములు సాగుచున్నది. చేపకది మేలు. కాని ఆ 61 దినములును పస్తుండగల భయము జాలరిది. కనుక నియమము చేయునప్పుడు అతనిని అడుగుట న్యాయము.

అడిగినను వినకపోయిన ఏమగునో కెనడా దేశపు న్యూఫౌండ్‌లాండు తీరము తెలుపును. అచ్చట కాడ్ అను చేప వందల యేండ్లు లక్షలమందికి ఆహారమైనది. తరువాత పెద్ద ఓడలు వచ్చి విస్తారముగా పట్టసాగెను. చేప తగ్గుచున్నదని, చిన్నదగుచున్నదని తీరమున చిన్నపడవలవారు 1980 తరువాతి యేండ్లలోనే మొరపెట్టుకొనిరి. ఆ మాటకు తగిన విలువ దక్కలేదు. 1992 జూలైలో ప్రభుత్వము వేటను పూర్తిగా ఆపవలసివచ్చెను. సుమారు 30,000 మంది జీవనోపాధి పోయినది. రెండేండ్లకని చెప్పిన ఆ నిషేధము 2024 వరకు తొలగలేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములు 1976లో ఒక చట్టము చేసి, తమ తీరమునకు ఎనిమిది ప్రాంతీయ మత్స్య మండలులను ఏర్పరచినవి. వానిలో అధికారులతోపాటు చేపల వృత్తి ఎరిగినవారును కూర్చుందురు. సభలు బహిరంగముగా జరుగును. నిర్ణయమునకు ముందు సామాన్యుడును లేచి తన మాట చెప్పవచ్చును. మన దేశమునను 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. చిన్ననీటి వనరులును, చేపల పెంపకమును అందున్నవి. 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టము రైతులు ఎన్నుకొను నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచినది.

అయితే పీట వేసినంతమాత్రమున సభ కాదు. మాటకు బలము తెలివి వలన కలుగును. 2000 తరువాతి దశాబ్దమున చిత్తూరు మొదలగు ఏడు జిల్లాల పల్లెలలో రైతులు వానను, బావులలోని నీటిమట్టమును తామే కొలిచి వ్రాసికొని, ఉన్న నీటికి తగిన పంటలను ఎంచుకొనుట నేర్చిరి. చదువురాదని తలవంచుకొనెడివారు లెక్క చేతబట్టి మాటాడిరి. పండితుని కొలతయు, జాలరి కంటిచూపును, రైతు అనుభవమును ఒకచోట కూడినప్పుడే తీర్పు నిలుచును.

ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి పల్లెవాసియు గ్రామసభలో సభ్యుడే. నేడు బడిలో కూర్చున్న బాలబాలికలకును పదునెనిమిదేండ్లు నిండగానే ఆ హక్కు వచ్చును. ఆనాడు వారు గట్టుమీద చెట్టునీడన లేచి నిలిచి తమ మాట చెప్పవలెను. చెప్పిన పిదప, అందరికన్న వెనుక నిలిచి మెల్లగా పలుకు ఇల్లాలి మాట వినుటకై కాసేపు మౌనముగా నుండవలెను. ఆ మౌనమును సభలో భాగమే.