రోడ్డవతల నుంచి చూడాలి

రాత్రి ఎనిమిదైతే చాలు, అమీర్‌పేటలో కర్రీ పాయింట్ల ముందు క్యూలు మొదలవుతాయి. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకునే పిల్లలు గదిలో కుక్కర్ పెట్టేసి, పప్పో వంకాయ కూరో కట్టించుకోవడానికి వస్తారు. రోజూ ఆ వరసలో నిలబడే పందొమ్మిదేళ్ల అమ్మాయికి అక్కడే తొలి ఆర్డరు దొరికింది.

"డిజైనింగ్ నేర్చుకుంటున్నానన్నావుగా, మా కొట్టుకో బోర్డూ, ఓ గుర్తూ వేసిపెట్టు. నెల్లాళ్లు కూర డబ్బులు ఇవ్వక్కర్లేదు" అంది కొట్టు నడిపే ఆంటీ.

నెల్లాళ్ల కూరంటే ఆ అమ్మాయికి చిన్న విషయం కాదు. తణుకు దగ్గర పల్లెలో వాళ్ల నాన్న ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు ఇళ్లకు సున్నాలూ రంగులూ వేస్తున్నాడు. "నా పొట్ట కొట్టిన కంప్యూటరే నీకు అన్నం పెడుతుందా అమ్మలూ?" అని అడిగాడు. అడిగినవాడే అప్పు చేసి ఫీజు కట్టాడు.

బోర్డు మీద ఏముండాలని అడిగితే ఆంటీ పెద్ద జాబితా చెప్పింది. వెంకటేశ్వరస్వామి, మనవడి ఫొటో, బిర్యానీ, మూడు ఫోన్ నంబర్లు, పూల తీగ. అన్నీ రాసుకుని ఆ అమ్మాయి మూడే ప్రశ్నలు వేసింది. ఎవరు చదువుతారు? ఎక్కడి నుంచి చూస్తారు? ఎంతసేపు చూస్తారు? జవాబులు తేలికే. హాస్టల్ పిల్లలు, రోడ్డవతల నుంచి, నడుస్తూ రెండు క్షణాలు. జాబితాలో చివరికి మిగిలింది 'అమ్మ చేతి వంట' అన్న మూడు మాటలు, ఒక ఫోన్ నంబరు.

ఇక గుర్తు. కంప్యూటర్ జోలికి పోకుండా నోటుపుస్తకంలో పెన్సిల్‌తో ముప్పై దాకా బొమ్మలు గీసింది. పొగలు కక్కే గిన్నె, వంటవాడి టోపీ... ఎక్కడో చూసినవే. ఆలోచిస్తుంటే 'అమ్మ'లోని మ వత్తు కనబడింది. దాని తోక సాగదీస్తే గరిటె అయిపోదూ!

తెలుగక్షరాలతో ఇలాంటి ఆట కొత్తదేం కాదు. పాలకొల్లు ప్రాంతం నుంచి వెళ్లిన ఈశ్వర్, 1967లో బాపు తీసిన 'సాక్షి'తో మొదలుపెట్టి, రెండువేలకు పైగా సినిమాలకు పోస్టర్లు చేశారు. అప్పట్లో బొమ్మతో పాటు సినిమా పేరూ చేత్తో రాయాల్సిందే. ఇప్పుడు రామభద్ర, పొన్నాల, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కానీ మన అక్షరానికి పైన గుడులూ తలకట్లూ, కింద వత్తులూ ఉంటాయి. రెండు వరసల మధ్య చోటు తగ్గితే పై వరస వత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే కొలత తెలుగుకు చాలదు.

రామభద్రను తీసుకుని, కోరల్‌డ్రాలో వత్తు వంపుల్ని ఒక్కో బిందువు పట్టుకుని లాగి, గరిటె చేసింది. రాత్రి రెండింటికి చూసుకుని మురిసిపోయింది. పొద్దున్నే కాగితం మీద ప్రింటు తీసుకెళ్లి చూపిస్తే, ఐదో తరగతి చదివిన ఆంటీ కూడబలుక్కుని చదివింది.

"అ... మ్య. అమ్య ఎవరమ్మాయ్?"

సాగిన తోక య వత్తులా కనబడుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకు చదవడం రాదని సర్దిచెప్పుకోవచ్చు. కానీ బోర్డు చదవాల్సింది ఆవిడలాంటి వాళ్లే కదా! సాయంత్రం ఫొటో తీసి నాన్నకు పంపింది. కాసేపటికి ఫోనొచ్చింది.

"దగ్గర కూర్చుని గీశావు కదా? అక్షరాన్ని దగ్గర్నుంచి రాయాలి, దూరం నుంచి దిద్దాలి. సుద్ద రాసిన దారం లాగి కొట్టి, గీతల మధ్య పెన్సిల్‌తో రాసుకుని, నిచ్చెన దిగి రోడ్డవతలికెళ్లి చూసేవాణ్ని. ఒక్కో బోర్డుకి పదిసార్లు."

కంప్యూటర్‌కు నిచ్చెన లేదు. అందుకే ప్రింటును హాస్టల్ గోడకు అంటించి, వరండా చివరికెళ్లి చూసింది. తోకను సగానికి సగం తగ్గించింది. గరిటె ఇప్పుడు వెతికితేనే కనబడుతుంది. 'అమ్మ' మాత్రం వెంటనే కనబడుతుంది. తర్వాత రంగులన్నీ తీసేసి నలుపొక్కటే ఉంచి చూసింది. క్యారీబ్యాగు మీద ఒక్క రంగులోనే అచ్చవుతుంది మరి. ఆపైన గోరంత చేసి చూసింది, డబ్బా మీద స్టిక్కర్ కోసం.

ప్రింటింగ్‌కు పంజాగుట్ట వెళ్లింది. మెట్రోలో ఒక్క స్టేషనే అయినా డబ్బులు మిగులుతాయని నడిచింది. తెర మీద నిప్పులా వెలిగిన ఎరుపు నమూనాలో ఇటుక రంగుకు దిగింది. తెర రంగు వెలుగులోంచి పుడుతుంది, అచ్చు రంగు సిరాలోంచి పుడుతుంది. ఆ తేడా క్లాసులో విన్నదే, చూడటం ఇదే మొదలు. కొంచెం పసుపు కలిపి మళ్లీ తీయించింది.

బోర్డు కట్టిన సాయంత్రం ఆ అమ్మాయి రోడ్డవతల నిలబడింది. పుస్తకాల సంచీతో వెళుతున్న కుర్రాడొకడు తలెత్తి చూసి, రోడ్డు దాటాడు. వెంటనే ఫొటో తీసి నాన్నకు పంపింది. బాగుందనే మాట కోసం చాలాసేపు ఎదురుచూసింది.

జవాబొచ్చింది. "వత్తు కుదిరింది. ఎడమవైపు బోర్డు వేలెడు దిగింది, తాడు సరిచేయించు."