కట్టు మనది, మాన్పు ఆయనది



ఆపరేషన్ ముగించి బయటకు వచ్చిన వైద్యునికి తరచుగా వినిపించే మాట ఒకటుంది: “మీరే మా పాలిట దేవుడు బాబూ!” యౌవనంలో ఆ మాట విన్నప్పుడల్లా పైకి వద్దు వద్దని చేయి ఊపేవాణ్ణి, లోలోపల మాత్రం భద్రంగా దాచుకొనేవాణ్ణి. అలా దాచుకొన్నది ఎంత అపాయకరమో ఒక రాత్రి తెలిసివచ్చింది.

పేగుకు ఆపరేషన్ చేసిన అయిదవనాటి రాత్రి, రోగి నాడి వేగం పెరుగుతోందనీ, పొట్ట బిగుసుకొంటోందనీ వార్డులోని నర్సమ్మ ఫోన్ చేసింది. “నేను వేసిన కుట్టు విడదు” అని పెట్టేశాను. గంట తరువాత ఆమె మళ్లీ చేసింది. విసుక్కొంటూ వెళ్లాను. కుట్టు విడిపోయి ఉంది. రెండవ ఆపరేషన్‌తో అతడు బ్రతికాడు గాని, నా అతిశయానికి నెలన్నర మంచం పట్టి శిక్ష అనుభవించినవాడు అతడే. ఇంటికి వెళ్లేరోజున అతని తల్లి నన్ను దేవుడన్నది. తల ఎత్తలేకపోయాను.

అపొస్తలుల కార్యముల 14వ అధ్యాయం ఆ తరువాతే నాకు అర్థమైంది. లుస్త్ర పట్టణంలో పుట్టు కుంటివాడొకడు పౌలు మాటతో లేచి నడిచాడు. జనులు పౌలు, బర్నబాలను దేవతలుగా ఎంచి, ఎడ్లను, పూదండలను తెచ్చి బలి అర్పించబోయారు. వారిద్దరూ వస్త్రాలు చింపుకొని, తామూ మనుష్యమాత్రులమేనని మొరపెట్టారు. అదే ఊరిలో పిదప పౌలు రాళ్లదెబ్బలు తిన్నాడు. మనుషులు ఎక్కించే పీఠం ఎంతటి అస్థిరమో చూడండి!

16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే నలుగురు రాజులకు సేవ చేశాడు. అయినా తాను కట్టు మాత్రమే కట్టాననీ, మాన్పినది దేవుడనీ చెప్పుకొన్నాడు. అది కేవలం మర్యాద కాదు, నిజం. కుట్టు చేసేది చీలిన అంచులను దగ్గరకు చేర్చడమే. ఆపై రక్తఫలకికలు గుమిగూడి రక్తాన్ని ఆపుతాయి. తెల్లకణాలు మలినాలను తొలగిస్తాయి. ఇతర కణాలు కొల్లాజెన్ అనే పోగులను అల్లుతాయి. వీటిలో ఏదీ మా ఆజ్ఞతో జరగదు. శవపరీక్ష తరువాత ఎంత నేర్పుగా కుట్టినా ఆ అంచులు అతుక్కోవు. ప్రాణమిచ్చినవాడు సమకూర్చిన ఈ ఏర్పాటు ముందు నా పట్టాలు, పతకాలు ఏపాటివి?

అణకువ అంటే వైద్యాన్ని తృణీకరించడం కాదు. ప్రార్థించుకొన్నామని మందులు మానకండి. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులో ఉంచుకోండి, పొగ మానండి, పప్పు, గుడ్డు వంటి మాంసకృత్తులున్న ఆహారం తీసుకోండి. గాయం మానడానికి మనం తొలగించగల అడ్డంకులు ఇవే.

ఆపరేషన్ తరువాత నాడి వేగం, నొప్పి, పొట్ట ఉబ్బరం పెరిగితే, డాక్టరుగారు ఏమనుకొంటారోనని సంకోచించక వెంటనే చెప్పండి. ఆయన విసుక్కొంటే రెండవసారి చెప్పండి. ఆ రాత్రి నర్సమ్మ చేసినది అదే. ఒక ప్రాణం నిలపడానికి ప్రభువు వాడుకొన్నది పేరుమోసిన నా చేతిని మాత్రమే కాదు. నేను చులకన చేసిన ఆమె స్వరాన్ని కూడా. ఆయనకే మహిమ కలుగును గాక!