పెరట్లో గది

అమ్మానాన్నల కోసం మేము పెరట్లో ఒక చిన్న గది కట్టించాం. గడప పెట్టలేదు. బాత్రూంలో జారని టైల్స్, పట్టుకోవడానికి స్టీలు రాడ్డు, వెస్టర్న్ కమోడ్ పెట్టించాం. అన్నీ చూసి అమ్మ ఒక్కటే అడిగింది: "మమ్మల్ని వేరు పెడుతున్నారా?"

రెండవ రాజులు 4:10లో షూనేమీయురాలు ఎలీషాకు గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం అమర్చింది. అది వచ్చిపోయే దైవజనునికి. మనల్ని కన్నవారు అతిథులు కారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం భత్యం ఇప్పించగలదు గానీ, బిడ్డను వారి పక్కన కూర్చోబెట్టలేదు.

అందుకే ఆ గదిలో పొయ్యి పెట్టలేదు. వేరు పొయ్యి అంటే వేరు కాపురమే కదా! రెండు పూటలా అందరం ఒకే చోట తింటున్నాం. గది ఒక్కసారి కడితే చాలు. వారి గుమ్మం మాత్రం రోజూ తొక్కాలి. ప్రభువు మనకు ఆ కృప దయచేయును గాక.