పోలవరం గూడేల్లో కొడవలి కణాలు, కొలరాడోలో వైరల్ వెక్టార్లు

రాజమహేంద్రవరానికి ఎగువన గోదావరి కుడి గట్టున ఉన్న పోలవరం పేరు చెప్పగానే 48 గేట్ల స్పిల్‌వే గుర్తుకు రావడం సహజమే. అయితే ఆ కట్టడాన్ని దాటి పాపికొండల వైపు సాగే సందర్శకునికి ఎదురయ్యే కోయ, కొండరెడ్డి గూడేలలోనూ, ముంపు గ్రామాల వారికి కట్టిన పునరావాస కాలనీలలోనూ, క్యూసెక్కుల లెక్కలకు అందని సమస్య ఒకటి తరతరాలుగా ఉంది. అది సికిల్ సెల్ వ్యాధి. 11వ క్రోమోజోముపై ఉండే బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్కచోట మార్పు రావడంతో హిమోగ్లోబిన్‌లో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన స్థానంలో వాలీన్ చేరుతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ పోగులు కట్టి, ఎర్రకణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాలకు అడ్డుపడి, ఎముకలను పిండేసే నొప్పిని తెస్తుంది.

దీని తొలి పరీక్ష దగ్గర నిలబడి చూడదగినది. వేలిని గుచ్చి తీసిన రక్తపు బొట్టును సోడియం డైథయొనైట్ కలిసిన ద్రావణంలో వేసి, ఆ గాజు గొట్టాన్ని నల్లగీతల కాగితం ముందు పట్టుకుంటారు. కొన్ని నిమిషాల తరువాత కూడా గీతలు తేటగా కనిపిస్తే భయం లేదు. ద్రావణం మసకబారి గీతలు కనబడకుండా పోతే కొడవలి హిమోగ్లోబిన్ ఉన్నట్లే. రోగికీ, ఒక్క లోపపు జన్యువునే మోస్తూ ఆరోగ్యంగా తిరిగే వాహకునికీ మధ్య తేడాను ఈ పరీక్ష చెప్పలేదు కనుక, హెచ్‌పీఎల్‌సీ అనే రెండవ పరీక్ష తప్పదు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది.

రోగులకు సాధారణంగా ఇచ్చేవి హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ ఆమ్లం మాత్రలు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడైన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో ఇదే గోదావరి డెల్టాలోని భీమవరంలో పుట్టినవాడన్న సంగతిని ఆసుపత్రి గోడలపై ఎవరైనా రాసి ఉంచితే బాగుండును.

మాత్రలు బాధను తగ్గిస్తాయి గాని జన్యువును సరిచేయవు. సరైన జన్యువును కణంలోకి చేర్చేందుకు, రోగం కలిగించే భాగాలను తీసివేసిన వైరస్‌ను వాడతారు. దానినే వైరల్ వెక్టార్ అంటారు. ఎలుకల వైరస్‌లతో చేసిన తొలితరం వెక్టార్లు విభజన చెందుతున్న కణాలలోనే పనిచేసేవి. రక్తాన్ని పుట్టించే మూలకణాలేమో చాలావరకు విభజన లేకుండా విశ్రాంతిలో ఉంటాయి. ఈ చిక్కును విడదీసిన తొలి పరిశోధనలలో రమేశ్ అక్కినది ఒకటి. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఆయన బృందం, ఎయిడ్స్ కారకమైన హెచ్ఐవీ నుంచి తయారైన వెక్టార్‌కు పశువులకు సోకే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ పైపొర తొడిగి, మానవ మూలకణాలలోకి జన్యువును సమర్థంగా చేర్చవచ్చని 1996లో చూపింది. అదే సంవత్సరం నల్దీనీ, ఇందర్ వర్మ, ట్రోనో తదితరులు ఇటువంటి వెక్టార్ నాడీకణాలలోనూ పనిచేస్తుందని నిరూపించారు.

అక్కిన దృష్టి ప్రధానంగా హెచ్ఐవీపైనే నిలిచింది. ఆ వైరస్ నుంచే చేసిన వెక్టార్‌తో ఆ వైరస్‌నే అడ్డుకునే చిన్న ఆర్ఎన్ఏలను మూలకణాలలోకి పంపి, మానవ రోగనిరోధక కణాలు పెరిగేలా సిద్ధం చేసిన ఎలుకలలో ఫలితాలను పరీక్షించిన కృషి, ఆర్ఎన్ఏ పరిశోధకుడు జాన్ రోసీ బృందంతో కలిసి 2003లో వెలువడింది. అటువంటి మరో రకం ఎలుకలు తరువాత డెంగీ పరిశోధనకూ ఆధారమయ్యాయి. వెక్టార్ల కంటే ఈ ఎలుకల నమూనాలకే ఆయన పేరు ఎక్కువ వినిపించడం కొంత అన్యాయమే.

హెచ్ఐవీ నుంచి చేసే లెంటివైరల్ తరగతి వెక్టార్ల ఫలమైన లిఫ్‌జీనియా చికిత్సను సికిల్ సెల్‌కు 2023 డిసెంబరులో అమెరికా ఆమోదించింది. రోగి మూలకణాలను బయటకు తీసి, కొడవలిగా మారనివ్వని గ్లోబిన్ జన్యువును వాటిలో చేర్చి, ఎముక మజ్జను బుసల్ఫాన్ మందుతో ఖాళీ చేశాక తిరిగి ఎక్కిస్తారు. రక్తక్యాన్సర్ ముప్పు ఉందన్న హెచ్చరిక మందుతోపాటే ఉంది. ధర 31 లక్షల డాలర్లు. ఆ ధరను పాపికొండల గూడేలు ఎన్నటికీ అందుకోలేవు. ఇక్కడే తయారుచేసుకోవడం తప్ప దారి లేదు, ఆ ఛాయలు కనబడుతున్నాయి: వెల్లూరు సీఎంసీ వైద్యులు లెంటివైరల్ వెక్టార్‌తో ఐదుగురు హిమోఫీలియా రోగులకు చేసిన చికిత్స ఫలితాలు 2024లో వెలువడ్డాయి, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో వైరల్ వెక్టార్ల ఉత్పత్తి కేంద్రాన్ని నెలకొల్పినట్లు భారత్ బయోటెక్ 2025లో ప్రకటించింది.

అటువంటి చికిత్స ఇక్కడ అందేవరకు గీతల కాగితం ముందు పట్టే గాజు గొట్టమే గూడేలకు దిక్కు. వధూవరులిద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి కనుక, ముహూర్తం పెట్టుకోకముందే ఆ పరీక్ష చేయించేలా గూడెం పెద్దలూ ఆశా కార్యకర్తలూ చూడాలి.